ఉక్కు చెప్పిన రసాయన పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గ్రామ ప్రజలకొరకు సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



రసాయన శాస్త్రమనగానే గాజు కుప్పెలు, ఘాటైన ఆమ్లములు, పట్టణములలోని కళాశాలలు అనేకులకు స్ఫురించును. ఆ శాస్త్రము పొలము దున్నువానికి దూరమనియు, కొద్దిగా చదివినవానికి కఠినమనియు ఒక అపోహ కలదు. నిజమునకు రసాయన శాస్త్రము మూడు చిన్న ప్రశ్నలతో ఆరంభమగుచున్నది. ఈ వస్తువు దేనితో ఏర్పడినది? అది ఎంత ఉన్నది? ఆ సంగతి ఎట్లు తెలిసినది? మొదటి ప్రశ్నకు పదార్థ విచారణయు, రెండవదానికి కొలతయు, మూడవదానికి శాస్త్రీయ పద్ధతియు సమాధానములు. ఈ మూడింటికిని తగిన దృష్టాంతము రుద్రంగికి వాయవ్య దిశను, అట్టే దూరము లేని ఒక గ్రామములోనే లభించుచున్నది. ఆ గ్రామము నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము. ఆ వస్తువు ఉక్కు.

కోనసముద్రపు ఉక్కు ఒకప్పుడు పారశీక దేశము వరకు పోయెను. ఇస్ఫహాను నగరపు వర్తకులు సముద్రము దాటి, కొండలు దాటి ఈ ప్రాంతమునకు వచ్చి, కొలుముల యొద్దనే నిలిచి ఉక్కు ముద్దలను కొనుచుండిరి. అట్టి ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలలవంటి చారలు కనబడుచుండెను. పాశ్చాత్యులు ఆ కత్తులను డమాస్కసు కత్తులనిరి. ఆ ఉక్కును వారు ‘ఊట్జు’ అనిరి. ఈ పేరు దక్షిణ దేశపు ‘ఉక్కు’ అను మాటనుండియే పుట్టినదని పలువురు పండితుల అభిప్రాయము.

పదార్థము

చోటు ఆక్రమించునదియు, బరువు కలదియు నగు ప్రతి వస్తువును పదార్థమే. రాయి పదార్థము, నీరు పదార్థము, కంటికి కనబడని గాలియు పదార్థమే. తిత్తిని నొక్కినపుడు కొలిమిలోని నిప్పు భగ్గుమనుటయే గాలి ఒక వస్తువనుటకు సాక్ష్యము. వెలుతురు, వేడిమి, శబ్దము మాత్రము పదార్థములు కావు.

పదార్థములో కలుగు మార్పులు రెండు విధములు. బండి చక్రమునకు పట్టా ఎక్కించునపుడు కమ్మరి దానిని ఎఱ్ఱగా కాల్చును. కాలిన పట్టా సాగును. చక్రమునకు తొడిగి నీళ్లు పోయగానే బిగిసికొనును. ఇనుము ఇనుముగానే ఉన్నది. కొలత మాత్రమే మారినది. ఇది భౌతికమైన మార్పు. కాని నాగటి కఱ్ఱు వానలో నాని త్రుప్పు పట్టినచో, ఆ త్రుప్పును ఎంత కొట్టినను ఇనుము కాదు. అక్కడ పాత వస్తువు పోయి క్రొత్త వస్తువు పుట్టినది. ఇది రసాయనికమైన మార్పు. రసాయన శాస్త్రమునకు ఈ రెండవ మార్పే ముఖ్య విషయము.

ఇక ఇనుము ఎచ్చటిది? వాగుల ఇసుకలో కొన్ని చోట్ల నల్లని రేణువులు కనబడును. అయస్కాంతమును ఆ ఇసుకలో త్రిప్పినచో ఆ రేణువులు దానికి అంటుకొని వచ్చును. అవి ఇనుప రాతి రేణువులు. తెల్లని ఇసుకయు నల్లని రేణువులును కలిసియున్నది మిశ్రమము. మిశ్రమమును అయస్కాంతముతోనో, నీటితో కడిగియో వేరు చేయవచ్చును. కాని ఆ నల్లని రేణువులోనే ఇనుమును, ఆమ్లజనియు కలిసియున్నవి. ఆమ్లజని గాలిలోని ప్రాణవాయువే. ఈ రెండింటిని అయస్కాంతము విడదీయలేదు, నీరు విడదీయలేదు. అది సంయోగ పదార్థము. దానిని విడదీయుటకు కొలిమి కావలెను. విడదీయగా వచ్చిన ఇనుమును రసాయనికముగా ఇంకను విడదీయుటకు వీలులేదు. అందువలన ఇనుము మూలకము. నేటికి శాస్త్రజ్ఞులు గుర్తించిన మూలకములు 118. లోకములోని సమస్త పదార్థములును వీనిలో కొన్నింటి కలయికలే.

కొలిమిలో జరుగు పని యేమి? బొగ్గులో ముఖ్యమైనది కర్బనమను మూలకము. బొగ్గు చాలీచాలని గాలిలో మండినపుడు ఒక వాయువు పుట్టును. ఆ వాయువునకు ఆమ్లజనిమీద మక్కువ హెచ్చు. అది ఇనుప రాతిలోని ఆమ్లజనిని లాగుకొని పొగగొట్టపు దారిని పోవును. ఇనుము మిగులును. రాతిలోని మట్టియు ఇసుకయు కరిగి చిట్టెముగా కారును. ఉత్తర తెలంగాణమున అనేక గ్రామముల శివారులలో ఇట్టి ఇనుప చిట్టెపు దిబ్బలు నేటికిని కలవు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమువారును కలిసి కరీంనగరము, నిజామాబాదు, ఆదిలాబాదు, వరంగల్లు ప్రాంతముల గ్రామములలో తిరిగి ఈ దిబ్బలను పరిశీలించిరి.

ఇనుము వేరు, ఉక్కు వేరు. మెత్తని ఇనుమును వంచవచ్చును గాని దాని అంచు నిలువదు. ఉక్కు అంచు నిలుచును. ఈ భేదమునకు కారణము కర్బనము. మెత్తని ఇనుములో కర్బనము నూటికి పదవ వంతు పాలుకన్న తక్కువ. కోనసముద్రము వంటి చోట్ల చేసిన ఉక్కులో నూటికి ఒకటి మొదలు రెండు పాళ్ల వరకు ఉండును. అనగా వంద తులముల ఉక్కులో సుమారు తులమున్నర కర్బనము. అంతకు మించినచో అది పోత ఇనుమై, సమ్మెట దెబ్బకు పగులును. అంత స్వల్పమైన పాలు కత్తికి ప్రాణమైనది. మైసూరు, సేలము ప్రాంతములలో ఉక్కు చేయువారు మూసలో ఇనుముతో పాటు తంగేడు కట్టెను, జిల్లేడు ఆకులను పెట్టుచుండిరి. మూసిన మూసలో అవి బొగ్గై ఇనుములో చేరుచుండెను. చేనిగట్టున ఎవరును లెక్కపెట్టని తంగేడు ఉక్కునకు మూలద్రవ్యమయ్యెను.

కొలత

కోనసముద్రపు పనితనమును కన్నులార చూచి వ్రాసినవాడు హెన్రీ వాయిసీ అను వైద్యుడు. ఆయన భూమిని కొలుచు మహా సర్వే బృందములో వైద్యుడుగను, భూగర్భ పరిశోధకుడుగను ఉండెను. 1824లో మరణించెను. ఆయన వ్రాసిన వర్ణన కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో 1832లో, అనగా మరణానంతరము ఎనిమిదేండ్లకు, వెలువడెను.

ఆ వర్ణనలో మొదట గమనింపదగినది కొలత. కమ్మరులు రెండు విధముల ఇనుమును కలుపుచుండిరి. ఒకటి మిర్తుపల్లి ఇనుమనియు, రెండవది కొండాపురపు ఇనుమనియు ఆయన వ్రాసెను. మొదటిది మూడు పాళ్లు, రెండవది రెండు పాళ్లు. ఈ తునకలకు కొంత గాజు చేర్చి, మట్టి మూసలలో పెట్టి, మూతలు మెత్తి, ఇరువది నాలుగు గంటలు తిత్తులు ఊదుచు కాల్చుచుండిరి. చల్లారిన పిమ్మట మూసలు పగులగొట్టి ఉక్కు ముద్దలు తీయుచుండిరి. ముద్ద పెళుసుగా ఉన్నచో దానికి మట్టి పూసి మరల పండ్రెండు మొదలు పదునారు గంటలు కాల్చుచు, తగిన మెత్తదనము వచ్చువరకు మూడు నాలుగుసార్లు అట్లే చేయుచుండిరి. మూడు పాళ్లు, రెండు పాళ్లు, ఇరువది నాలుగు గంటలు, మూడు నాలుగు సార్లు అను ఈ అంకెలే ఆ పనికి వెన్నెముక. కళాశాల లేకున్నను కొలత ఉన్నది.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. మూడుకు రెండు అను పాలు మనుష్యుడు తన అనుభవముచే నిర్ణయించుకొన్నది, ఇష్టమైనచో మార్చుకొనవచ్చును. మిశ్రమమునకు ఇదియే లక్షణము. కాని ఎఱ్ఱని ఇనుప రాతిలో ఏడు పాళ్ల ఇనుమునకు మూడు పాళ్ల ఆమ్లజని ఉండును. ఆ పాలు ప్రకృతి నిర్ణయించినది. రాయి ఎచ్చట దొరికినను, శుద్ధి చేసి తూచినచో ఏడుకు మూడే వచ్చును. సంయోగ పదార్థమునకు ఇదియే లక్షణము. ఈ స్థిరమైన పాళ్లకు కారణము చూపుచు డాల్టను అను ఆంగ్లేయుడు 1808లో తన గ్రంథమున పరమాణు సిద్ధాంతమును వివరించెను. ప్రతి మూలకమునకు విడిగా పరమాణువులున్నవనియు, అవి లెక్క ప్రకారము జతగూడుననియు ఆ సిద్ధాంత సారము. పరమాణువు కంటికి చిక్కకముందే తక్కెడకు చిక్కినది.

తక్కెడ మహిమ సున్నపు బట్టీ యొద్దను తెలియును. నూరు గ్రాముల శుద్ధమైన సున్నపురాయిని కాల్చినచో మిగులు సున్నము 56 గ్రాములు మాత్రమే. మిగిలిన 44 గ్రాములు నశింపలేదు. బొగ్గుపులుసు గాలియై పైకి పోయినవి. ఆ సున్నమును నీటిలో విరిసి గోడకు పూసినచో, అది గాలినుండి ఆ వాయువునే మరల గ్రహించి, మెల్లగా సున్నపురాయియే అగును. వెల్లవేసిన గోడ గట్టిపడుటకు ఇది కారణము. మార్పునకు ముందు ఎంత బరువున్నదో, వచ్చిన వస్తువులన్నింటిని కలిపి తూచినచో తరువాతను అంతే ఉండును. ఈ నియమమును తక్కెడతో స్థాపించినవాడు ఫ్రాన్సు దేశపు లవోయిజియే. ఆయన రసాయన గ్రంథము 1789లో వెలువడినది.

తూకము వేరు, పరిమాణము వేరు. మానికెడు బియ్యమును, మానికెడు ఊకయు ఒకే చోటు ఆక్రమించును. బరువులో మాత్రము పోలిక లేదు. ఒక్క ఘన సెంటీమీటరు వస్తువు ఎంత బరువో చెప్పునది సాంద్రత. నీటికి అది ఒక గ్రాము. తెల్లని ఇసుకరాతికి సుమారు 2.6 గ్రాములు, నల్లని ఇనుప రాతికి సుమారు 5.2 గ్రాములు, ఇనుమునకు 7.9 గ్రాములు. వాగు ఇసుకను చేటలో పోసి నీటితో కడిగినపుడు తెల్లని ఇసుక కొట్టుకొని పోయి నల్లని రేణువులు మిగులుటకు ఈ అంకెలే కారణము.

కొలత అందఱికిని ఒకటే కానిచో తగవులు పుట్టును. పూర్వము ప్రాంతమునకొక సేరు ఉండెను. మానికను అదిమి నింపినవాడు ఒక లెక్క, పొడిగా నింపినవాడు మరియొక లెక్క చెప్పుచుండెను. భారత ప్రభుత్వము 1956లో శాసనము చేసి, 1958 అక్టోబరు 1వ తేదీనుండి మెట్రిక్ తూనికలను క్రమముగా ప్రవేశపెట్టెను. కిలోగ్రామునకు ప్రమాణముగా ఫ్రాన్సులో ఒక లోహపు దిమ్మను 1889 మొదలు కాపాడుచు వచ్చిరి. అదియు కాలక్రమమున అణుమాత్రము మారుచున్నదను శంక కలిగి, 2019 మే 20వ తేదీనుండి ప్రకృతిలోని మారని ఒక స్థిరాంకమును ఆధారముగా గొని కిలోగ్రామును నిర్వచించిరి. కొలతను ఒకసారి కాక మూడుసార్లు తీయవలెను. మూడును వేరైనచో దాచక మూడింటిని వ్రాయవలెను. ఇది ప్రయోగశాలలో మొదటి నీతి.

కోనసముద్రపు కమ్మరులకు ఉష్ణమాపకము లేదు. వారు నిప్పు రంగును చూచి వేడిమిని గుర్తించుచుండిరి. ఉక్కు కరుగు వేడిమి 1,400 డిగ్రీల ప్రాంతమున ఉండును. దానిని కంటితో పసిగట్టుట సామాన్యమైన నేర్పు కాదు. అయినను ఒక లోపము కలదు. కన్ను చూచిన రంగును ప్రక్కనున్న కొడుకునకు చూపవచ్చును గాని, పది తరముల తరువాతి వానికి పంపుటకు వీలులేదు. అంకెను పంపవచ్చును.

పరీక్ష

శాస్త్రీయ పద్ధతి యనునది గూఢమైన విద్య కాదు. చూచుట, ఊహించుట, పరీక్షించుట, తప్పైనచో ఊహను విడుచుట, జరిగినదంతయు వ్రాసి నలుగురి ముందు పెట్టుట. అంతియే. ఇందులో అన్నిటికన్న కష్టమైనది నాలుగవది. దీనికిని ఉక్కు చరిత్రమే దృష్టాంతము.

బొంబాయిలోని హెలెనస్ స్కాట్ అను వైద్యుడు ఈ దేశపు ఉక్కు ముద్దలను లండనుకు పంపెను. 1795లో పియర్సను అను వైద్యుడు వానిని పరీక్షించి రాయల్ సొసైటీకి నివేదిక సమర్పించెను. ఇనుము ఉక్కగుటకు కర్బనమే కారణమని అంతకు ముందే, 1786లో, ముగ్గురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు తేల్చియుండిరి. అయినను ఈ ఉక్కులోని విశేషమేమో ఇంకను తెలియలేదు.

ఆ పనికి పూనుకొన్నవారిలో మైకేల్ ఫారడే ఒకడు. ఆయన 1791లో ఒక కమ్మరి యింట పుట్టెను. పేదరికము వలన చదువు సాగక, పదునాలుగవ యేట పుస్తకములు కుట్టు దుకాణములో పనికి కుదిరెను. కుట్టుటకు వచ్చిన పుస్తకములను రాత్రులయందు చదువుచుండెను. జేన్ మార్సెట్ అను విదుషీమణి సంభాషణ రూపమున వ్రాసిన రసాయన గ్రంథము ఆయనకు మొదటి గురువయ్యెను. గ్రంథాలయ సభలో ఈ సంగతి స్మరింపదగినది. పుస్తకము చేతికి చిక్కినందుననే ఆ కమ్మరి కుమారుడు ప్రపంచమునకు ఎన్నదగిన శాస్త్రజ్ఞుడయ్యెను.

ఫారడే 1819లో మన దేశపు ఉక్కును విశ్లేషించెను. దానిలో అల్యూమినియము, సిలికాను అను మూలకములు స్వల్పముగా ఉన్నవనియు, ఉక్కు మహిమ వానివలననే అనియు తలచెను. ఆ ఊహతో స్టోడార్ట్ అను కత్తుల తయారీదారునితో కలిసి ఉక్కునకు వెండి, ప్లాటినము మొదలగు లోహములను చేర్చి అనేక పరీక్షలు చేసెను. తరువాతి విశ్లేషకులు పరీక్షింపగా అల్యూమినియము ఊహ నిలువలేదు. ఫారడే అంతటివాని మాటయైనను తక్కెడ ముందు నిలువనిచో త్రోసివేయబడినది. కాని ఆ పరీక్షలు వ్యర్థము కాలేదు. మిశ్రమ ఉక్కుల పరిశోధనకు అవి తొలి మెట్లయ్యెను. తన పనినంతయు ఆయన వ్రాసిపెట్టెను గనుక, తప్పు ఎచ్చట ఉన్నదో ఇతరులు కనుగొనగలిగిరి. వ్రాయని తప్పును దిద్దువాడు లేడు.

కథ అంతటితో ముగియలేదు. 1998లో వెర్హోవెన్, పెండ్రే, డౌక్ష్ అను ముగ్గురు అమెరికనులు ఒక విషయమును ప్రకటించిరి. వారిలో పెండ్రే కమ్మరి. కత్తి మీది అలలవంటి చారలకు ఉక్కులోని వెనేడియము మొదలగు లోహముల అత్యల్పాంశములు కారణమని వారు ప్రయోగములతో చూపిరి. ఆ అంశము లక్ష పాళ్లలో మూడు నాలుగు పాళ్లు ఉన్నను చాలునట. అట్టి రాయి దొరకని కాలమున కమ్మరి ఎంత నేర్పుతో చేసినను చారలు రాకపోయియుండవచ్చునని వారి అభిప్రాయము. తాత చేసినట్లే చేసితిననియు, అయినను రాలేదనియు వాపోయిన కమ్మరి తప్పు ఏమియు లేకపోవచ్చును, రాయి మారినది. కాని ఆ సంగతి తెలిసికొనుటకు ఆతని చేతిలో సాధనము లేదు.

ఈ పద్ధతిని ఇంటి యొద్దనే అభ్యసింపవచ్చును. మూడు గాజు సీసాలు, మూడు మెరుగైన ఇనుప మేకులు చాలును. మొదటి సీసాలో కాల్చిన పొడి సున్నపు ముక్కలు కొన్ని వేసి, వానిపై దూది పరచి, మేకు ఉంచి బిరడా బిగింపవలెను. కాల్చిన సున్నము గాలిలోని తేమను పీల్చును. దానిని వట్టి చేతితో తాకరాదు; తడి తగులనీయరాదు. రెండవ సీసాలో బాగుగా మరిగించి చల్లార్చిన నీరు నిండ పోసి, మేకు వేసి, పైన నూనె పోయవలెను. మరిగించుటవలన నీటిలోని గాలి పోవును. నూనె మరల గాలిని రానీయదు. మూడవ సీసాలో మామూలు నీటిలో మేకు సగము మునుగునట్లు ఉంచవలెను. వారము దినములు గడచిన పిదప చూచినచో, త్రుప్పు మూడవ మేకునకే ప్రధానముగా పట్టును. మొదటిదానికి గాలి ఉన్నను నీరు లేదు. రెండవదానికి నీరున్నను గాలి లేదు. త్రుప్పునకు రెండును కావలెనని నిశ్చయమగును. ఒకసారికి ఒక్క కారణమునే మార్చుట ఇందలి రహస్యము. రెండింటిని ఒక్కసారి మార్చినచో ఏది కారణమో తెలియదు. క్రొత్త విత్తనమును, క్రొత్త ఎరువును ఒకే మడిలో ఒకే యేడు వాడిన రైతుకు, పంట పెరిగినది దేనివలననో తెలియనిదియు ఇందువలననే.

వ్రాత

కోనసముద్రపు కొలుములు చల్లారి చాలకాలమైనది. యూరపులో చవుకగా ఉక్కు చేయు విధానములు వచ్చినవి. 1856లో బెసిమరు కనిపెట్టిన పద్ధతి వానిలో ప్రధానమైనది. చేతి కొలిమి వానితో పోటీపడలేకపోయినది. వ్రాత లేకపోవుటయే ఆ పరిశ్రమ నశించుటకు కారణమని చెప్పుట న్యాయము కాదు. కాని పరిశ్రమ నశించిన తరువాత దాని జ్ఞానము నిలుచుటకు వ్రాత కావలసియుండెను. నేడు ఆ పనిని గూర్చి తెలియుచున్నది బాటసారియైన ఒక వైద్యుడు వ్రాసిన కొన్ని పుటలవలనను, నేలలో మిగిలిన చిట్టెపు ముక్కలవలనను ముఖ్యముగా. మిర్తుపల్లి ఇనుము మూడు పాళ్లే ఎందుకు, కొండాపురపుది రెండు పాళ్లే ఎందుకు అని ఆ కమ్మరులకు కారణము తోచియుండును. ఏ రంగు వచ్చినపుడు తిత్తి ఆపవలెనో వారికి నిశ్చయముగా తెలియును. ఆ సంగతులు వారి నోట చెప్పి వ్రాయించినవారు లేరు. లండనులో ఫారడే తలకిందులైన ప్రశ్నలలో కొన్నింటికి సమాధానము ఆ కొలుముల యొద్దనే ఉండియుండవచ్చును.

అందువలన గ్రామ గ్రంథాలయము పుస్తకములు చదువుకొను చోటు మాత్రమే కాదు. పుస్తకములు పుట్టవలసిన చోటును అగును. ఒక బీరువాలో ఒక తెల్ల కాగితపు పుస్తకము ఉంచి, వానకాలమున ప్రతిదినము ఎన్ని మిల్లీమీటర్ల వాన కురిసినదో విద్యార్థి ఒకడు వ్రాయవచ్చును. నెలకొకసారి ఊరి బావిలో నీరు ఎంత లోతున ఉన్నదో మరియొకడు తాడు వేసి కొలిచి వ్రాయవచ్చును. పట్టా ఎంత కాలిన పిదప ఎక్కించవలెనో వృద్ధుడైన కమ్మరిని అడిగియు, ఏ రంగు నూలుకు ఎట్లు పట్టునో నేతపని ఎరిగినవారిని అడిగియు వారి మాటలలోనే వ్రాసికొనవచ్చును. తేదీ వేయవలెను, కొలత వేయవలెను, తెలియనిచోట తెలియదని వ్రాయవలెను.

ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములను కాపాడిన గ్రంథాలయమునకు ఇది మించిన పని కాదు. స్వర్ణోత్సవము నాటికి ఆ తెల్ల కాగితపు పుస్తకము నిండియుండునుగాక!